పదకొండు దగ్గర ఆగిన అంకె

ఏప్రిల్ 4

పాల కేంద్రం వెనక మురుగు గోతిలో దిగిన మనిషి పడిపోయాడని పదిన్నరకి ఫోను వచ్చింది. పైనున్నవాళ్లు తాడేసి లాగారట. ఊపిరి ఉంది, స్పృహ లేదు, ఆస్పత్రిలో ఉన్నాడు.

అతని నడుముకి మేం చేసిన పెట్టె ఉంది, చెడ్డ గాలి తగిలితే మోగాల్సింది. అది మోగలేదు.

అన్నయ్య సోల్డరింగ్ ఐరన్ స్విచ్చి కూడా తియ్యకుండా బండి తీసుకుని వెళ్లాడు. వదిన లేచి తీసింది. ఆ తర్వాత సాయంత్రం దాకా నేను పన్నెండు పెట్టెలు కొలిచాను. అన్నీ పదకొండే.

ఏప్రిల్ 5

అన్నయ్య ఆ పెట్టె తెచ్చాడు. మురుగు ఎండి అట్టకట్టి ఉంది. వదిన స్పిరిట్ పెట్టి తుడిచింది. వెనక స్టిక్కరు మీద నా పొడి అక్షరాలు, నేను వేసిన తేదీ బయటపడ్డాయి. పోయిన నవంబరులో ఇచ్చిన పెట్టె. కొత్త సెల్సు వేసే ఇచ్చాం.

ఆ రెండు పెన్సిల్ సెల్సూ ఇప్పుడు నీరసించి ఉన్నాయి. రెండూ కలిపి రెండుంపావు ఓల్టులు. కొత్తవైతే మూడు దాటాలి. మా కాగితంలో సెల్సు రెండేళ్లు వస్తాయని ఉంది. అయిదు నెలలకే అయిపోయాయంటే అవి మేం వేసినవి కావు. పాల కేంద్రం మేనేజరు కూడా అదే అన్నాడట. ఆ దిగినవాడే మంచి సెల్సు ఇంటికి పట్టుకుపోయి టార్చిలో వేసుకుని, పనికిరానివి ఇందులో పెట్టి ఉంటాడని.

సెల్సు మేం వేసే కంపెనీవే. కానీ ఆ కంపెనీవి ప్రతి కొట్లోనూ దొరుకుతాయి.

కొత్త సెల్సు వేసి కొలిచాను, ఎప్పుడూ కొలిచే పద్ధతిలోనే. మెత్తటి గుడ్డ నాలుగు మడతలు పెట్టి దాని మీద పెట్టెని బోర్లా పెట్టాను. ముఖం మీద గీత పడితే వదిన ఊరుకోదు. వెనక మూత తీసి, సెల్లుకీ రేకుకీ మధ్య కాగితం ముక్క దూర్చి, మీటరు తీగలు చెరోవైపు ఆనించాను. దాంతో సెల్సు నుంచి వచ్చే కరెంటు మీటరులోంచి దూరి పెట్టెలోకి వెళ్లాలి. మీటరుని మైక్రో మీద, అంటే అన్నిటికంటే సన్నటి కొలత మీద పెట్టాను. అంకె కాసేపు ఊగి పదకొండు దగ్గర ఆగింది.

పెట్టెలో ఏ దోషమూ లేదు.

ఏప్రిల్ 6

అన్నయ్య పాల కేంద్రానికి ఉత్తరం రాశాడు. పెట్టెని మళ్లీ పరీక్షించామనీ, పదకొండు మైక్రోఆంపులు మాత్రమే తీసుకుంటోందనీ, సెల్సు వేరే వస్తువులో వాడినవై ఉండవచ్చనీ. 'ఉండవచ్చు' అన్న మాట నేనే వేయించాను. అన్నయ్య మొదట 'వాడినవే' అని రాశాడు.

కింద ఇద్దరం సంతకం చేశాం. పరీక్షించినవారు అన్నచోట నేను.

ఏప్రిల్ 8

ఆ మనిషికి తెలివి వచ్చిందట.

మంచిదైంది.

ఏప్రిల్ 11

ఆయన భార్య వచ్చింది. బస్సు దిగి టైర్ల కొట్టు పక్కనుంచి లోపలికి వస్తుంటే సరుకు కోసం వచ్చిన మనిషి అనుకున్నాను. నా ఈడే ఉంటుంది, ఒకటి రెండేళ్లు పెద్ద. పెట్టె కొలిచింది ఎవరని అడిగింది. అన్నయ్య లేడు. వదిన నావైపు చూసింది.

ఆమె కూర్చోలేదు. వాళ్లాయన్ని పనిలోంచి తీసేశారని చెప్పింది. ఆస్పత్రి మంచం మీద ఉండగానే కాగితం పంపారట, సెల్సు దొంగిలించాడని. పద్దెనిమిదేళ్ల నుంచి ఆ గోతులు కడుగుతున్నాడు. చేసే పని ప్రతిదీ రెండుసార్లు చూసుకుని చేస్తాడని అక్కడ అందరూ ఆయన్ని నిదానం అని పిలుస్తారు. జీతాల పుస్తకంలో కూడా ఎవరో తమాషాకి అదే పేరు రాశారట.

"టార్చికి వేసుకున్నాడంటున్నారు. మా ఇంట్లో సెల్సు వేసే వస్తువు ఒక్క గోడ గడియారం. అది ఆగిపోయి రెండేళ్లయింది. కావాలంటే మీరొచ్చి టైము చూసుకుని వెళ్లండి."

వదినకి నవ్వొచ్చి ఆపుకుంది. నాకు రాలేదు.

ఆయన రోజూ గుమ్మం దాటే ముందు పెట్టె పైకెత్తి పట్టుకునేవాడట. నిమిషానికోసారి పచ్చ దీపం మెరుస్తుంది కదా, అది మెరిసేదాకా నిలబడి, "వెలిగింది, చూశావా" అని ఆమెకి చూపించి వెళ్లేవాడట. అంట్లు తోముకుంటూ తలెత్తకుండానే చూశానని చెప్పేసేదాన్ని అంది. ఆరోజు మాత్రం నిజంగానే చూసింది. వెలిగింది.

దీపం వెలిగిందంటే సెల్సు బాగున్నట్టే గదా అంది. మా కాగితంలోనూ అలాగే రాసి ఉంది. నేను ఏదో చెప్పాను. పెట్టెని మళ్లీ కొలిచామనీ, పదకొండే వచ్చిందనీ చెప్పాను. అది ఎక్కువో తక్కువో ఆమెకి తెలియదు. తెలుసుకోవాలని కూడా అడగలేదు.

"మీరు కొలిచేటప్పుడు దీపం వెలిగిందా?"

"వెలుగుతుందండీ," అన్నాను.

వెలిగిందా అని ఆమె అడిగింది. వెలుగుతుందని నేను చెప్పాను. నాలుగున్నర బస్సుకి వెళ్లిపోయింది.

ఏప్రిల్ 12

ఒకసారి మొదటినుంచి రాసుకుంటే తల తేలికపడుతుంది.

మా పాత పెట్టెకి బొత్తాం ఉండేది. గోతిలో దిగేవాడు బొత్తాం నొక్కితే పెట్టె గాలి వాసన చూసేది. చెడ్డ గాలి ఉంటే బజరు మోగేది. నొక్కకపోతే ఊరికే నిద్రపోయేది. నిద్రలో ఎంత కరెంటు తాగుతోందో కొలిస్తే మాకు చాలు. అది పదకొండు. లెక్క వేస్తే సెల్సు ఇరవై ఏళ్లు దాటి రావాలి. అంతకాలం ఏ సెల్లూ తనకు తానే బతకదు గనక రెండేళ్లని రాశాం.

కిందటేడు అన్నయ్యకి ఆలోచన వచ్చింది. లోపల కళ్లు తిరిగేవాడు బొత్తాం ఏం నొక్కుతాడు, పెట్టె తనంతట తనే నిమిషానికోసారి లేచి, దీపం మెరిపించి, వాసన చూసుకోవాలి అని. మంచి ఆలోచనే. బోర్డు గీసి పంపే ఆయన ఫోనులో సరే అన్నాడు. లేచి చూడటం ఒక్క క్షణమే, కరెంటు కాస్త పెరగవచ్చు, మీ దగ్గర కొలిచి చూసుకోండి అన్నాడు.

నేను కొలిచాను. పదకొండే వచ్చింది. కాస్తయినా పెరగలేదు. అన్నయ్య ఆరోజు అందరికీ టీ తెప్పించి, ఫోనులో ఆయనతో అన్నాడు, "మా చెల్లెలు కొలిచిందంటే మళ్లీ చూసే పని లేదండీ."

కొలతలో తేడా ఎక్కడుంది. ఎక్కడా లేదు.

ఏప్రిల్ 13

ఈరోజు ఏమీ కొలవలేదు. బోర్డులు తుడిచి అరల్లో సర్దాను.

ఏప్రిల్ 15

కొట్లో ఉన్న కొత్త పెట్టెల్లో పది తీసి కొలిచాను. పదకొండు. పదకొండు. పదిన్నర. పదకొండు. పదకొండుంపావు. పదకొండు. పదకొండు. పదకొండు. పదిన్నర. పదకొండు.

ఎప్పటిలాగే బోర్లా పెట్టి. వెల్లకిలా పెడితే తీగలు ఆనవు.

మామూలుగా పెట్టెకి ఇరవై సెకండ్లు చాలు. ఈరోజు ఒక్కోదాన్నీ రెండేసి నిమిషాలు ఉంచాను. నిమిషానికోసారి అంకె తుళ్లిపడి, ఏవో గీతలు చూపించి, మళ్లీ పదకొండుకి వచ్చింది. మీటరు పాతబడింది. తీగ వదులై ఉంటుంది.

ఏప్రిల్ 16

వదిన అంది, "ఏం ఆడపడుచు గారూ, ఆ పెట్టెకి పెళ్లిచూపులా? మొహం దాచి కూర్చోబెట్టావు."

వేళాకోళమే. రోజంతా చెవిలో ఉండిపోయింది.

ఏప్రిల్ 17

తిప్పి చూశాను.

మధ్యాహ్నం అన్నయ్య సామాను కోసం వెళ్లాడు, వదిన ఇంటికి అన్నానికి వెళ్లింది. తీగల చివర్లకి మొసలి నోటి క్లిప్పులు తగిలించాను. అవి పట్టుకుంటే పెట్టెని ఎలా తిప్పినా ఊడవు. ఆ క్లిప్పులు నా సొరుగులో ఎప్పటినుంచో ఉన్నాయి. దీపం ఉన్న ముఖం పైకి వచ్చేలా పెట్టెని వెల్లకిలా పెట్టాను. మీటరు మైక్రో మీద ఉంది. అంకె పదకొండు.

గోడ గడియారం చూస్తూ కూర్చున్నాను. నిమిషం అయింది. అంకె తుళ్లింది, గీతలు వచ్చాయి, మళ్లీ పదకొండు. దీపం వెలగలేదు. ఇంకో నిమిషం. వెలగలేదు. అయిదు నిమిషాలు చూశాను.

మీటరు తీసేసి సెల్సు మామూలుగా వేశాను. నిమిషానికి దీపం టక్కున మెరిసింది.

మళ్లీ మీటరు తగిలించి ఈసారి బిళ్లని ఒక్క మెట్టు తిప్పి మిల్లీ మీద పెట్టాను. అది ముతక కొలత, మా చిన్న అంకెలకి పనికిరాదని నేనెప్పుడూ వాడను. సున్నా చూపించింది. నిమిషానికి దీపం వెలిగింది, అంకె నలభై ఒకటికి లేచింది. ఒక సెకను అలాగే ఉండి సున్నాకి దిగింది. మళ్లీ నిమిషానికి నలభై ఒకటి.

నలభై ఒక్క మిల్లీ. మైక్రో కాదు. పదకొండు మైక్రో పక్కన అది నాలుగువేల రెట్లకి దగ్గర.

అర్థం కావడానికి ఎక్కువ సేపు పట్టలేదు. ఓల్టులు కొలిచేటప్పుడు మీటరు పక్కన నిలబడి చూస్తుంది. కరెంటు కొలిచేటప్పుడు దారిలోనే అడ్డంగా కూర్చుంటుంది. మైక్రో మీద పెడితే దాని దారి మరీ ఇరుకు. నిద్రపోయే పెట్టెకి ఆ ఇరుకు చాలు. లేచి వాసన చూడబోయేసరికి కావలసిన కరెంటు అందక, పెట్టె లేవబోయి కూలబడుతోంది. నేను వేసిన మీటరే దాన్ని లేవనివ్వలేదు. లేవని పెట్టెని కొలిచి ఇంతే తాగుతుందని రాశాను.

లెక్క వేశాను. నిమిషానికి ఒక్క సెకను నలభై ఒకటి. సెల్సు అయిదు నెలలు వస్తాయి. నవంబరు నుంచి ఏప్రిల్‌కి అయిదు నెలలు.

ఆయన సెల్సు తియ్యలేదు.

మార్చిలో ఇద్దరు ఫోను చేశారు, సెల్సు తొందరగా అయిపోయాయని. నకిలీ సెల్సు కొని ఉంటారు, కొట్టు మార్చండి అని నేనే చెప్పాను. ఒకాయన సరేనమ్మా అని నవ్వాడు కూడా.

వదిన వచ్చేసరికి అన్నీ తీసేసి, గుడ్డ మడతపెట్టి పక్కన పెట్టేశాను.

ఏప్రిల్ 18

అన్నయ్యకి చూపించాను. రెండు కొలతలూ, దీపమూ. మూడుసార్లు నన్ను తిప్పమన్నాడు. నాలుగోసారి తనే తిప్పాడు. తర్వాత స్టూలు మీద కూర్చుని చేతిలో ఉన్న తీగ ముక్కని మెలిపెట్టాడు. అది తెగేదాకా మెలిపెట్టాడు.

కోప్పడతాడనుకున్నాను. కోప్పడలేదు.

"తప్పు నీది కాదు చెల్లాయ్, మీటరుది. రెండు రోజులాగు. ఏం చెయ్యాలో ఆలోచిస్తాను."

మీటరుది. నిజమే గదా. అది మంచి మీటరైతే అంత ఇరుకు ఉండేది కాదు. కొత్తవాటిలో ఇరుకు తక్కువట.

ఏప్రిల్ 19

మీటరుదే తప్పు.

ఏప్రిల్ 20

మీటరు ఏం చెయ్యాలో అదే చేసింది. బిళ్ల తిప్పింది నేను. చిన్న అంకె అందంగా కనిపిస్తుందని. మిల్లీ మీద పెడితే సున్నా సున్నా అని చూపిస్తే స్టిక్కరు మీద రాయడానికి ఏమీ ఉండదని.

రెండు రోజులు అయిపోయాయి. అన్నయ్య ఏమీ అనలేదు. నేనూ అడగలేదు. ఆదివారం గదా.

ఏప్రిల్ 21

నేను అడగలేదు, వదిన అడిగింది. ఆమెకి అన్నయ్యే చెప్పి ఉంటాడు. అన్నం దగ్గర అంది, రెండు రోజులన్నవి ఎన్ని రోజులకి వస్తాయని.

అన్నయ్య ఆలోచించింది చెప్పాడు. కొత్త పెట్టెలు ఎనభై ఆరు బయట ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం జనవరిలో ఇచ్చినవి, జూన్ దాకా ఢోకా లేదు. మే నెలలో ఉచిత సర్వీసు అని చెప్పి అన్నీ వెనక్కి తెప్పిద్దాం. నిమిషానికోసారి లేచేది అయిదు నిమిషాలకి లేచేలా మార్చి, కొత్త సెల్సు వేసి పంపిద్దాం. ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. ఉత్తరం ఎలాగూ వెళ్లిపోయింది, ఉండవచ్చు అనే కదా రాశాం. ఇప్పుడు కాదని రాస్తే ఆ మనిషికి అయిందంతా మన నెత్తిన పడుతుంది, తాళం వేసుకుని పోవాలి.

మరి నిదానం గారి సంగతి అన్నాను. అన్నయ్య కంచంలోకి చూశాడు. ఆయనకి వేరే చోట పని చూద్దాం అన్నాడు. ఎక్కడో చెప్పలేదు.

ఆయన భార్య దీపం వెలిగిందనే చెప్పింది. అది మాత్రం నాకు మింగుడుపడలేదు. మధ్యాహ్నం ఆ పాత సెల్సే వెతికి పెట్టెలో వేశాను. దీపం వెలిగింది. సిగరెట్ లైటరు వెలిగించకుండా గ్యాస్ మాత్రం వదులుతూ పెట్టె ముక్కు దగ్గర పెట్టాను. బజరు కీచుమని ఒక్క ముక్క పలికి ఆగిపోయింది. తర్వాత దీపం కూడా లేదు. కాసేపటికి మళ్లీ దీపం ఎప్పటిలాగే మెరిసింది.

దీపానికి రెండు మిల్లీ చాలు. బజరుకి నూట ఇరవై కావాలి. చచ్చిపోతున్న సెల్సు దీపం వెలిగించగలవు, బజరు మోగించలేవు.

ఆయన చూడాల్సింది చూసే దిగాడు.

వదిన నా భుజం మీదుగా ఇదంతా చూసింది. వెళ్లి తన బల్ల దగ్గర కూర్చుంది. చాలాసేపు ఐరన్ వెయ్యలేదు.

ఏప్రిల్ 22

పని లేదు. అన్నయ్య మాట్లాడటం లేదు.

ఏప్రిల్ 23

నిదానం గారి ఇంటికి వెళ్లాను. ఏం చెప్పాలని వెళ్లానో బస్సులో అనుకున్నది ఒకటి, దిగాక అనుకున్నది ఒకటి. చూసి వద్దామని అనుకున్నాను. రోగిని చూసి రావడం తప్పేమీ కాదు గదా.

రెండు గదుల ఇల్లు. ఆయన కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నాడు. నేననుకున్నదానికంటే పొడుగు మనిషి. కుడిచెయ్యి వణుకుతోంది, ఎడమచేత్తో దాన్ని పట్టుకున్నాడు. నేనెవరో భార్య చెప్పింది. ఆయన లేవబోయాడు. వద్దండీ అన్నాను.

బాగున్నారా అని అడిగాను. బాగున్నానమ్మా అన్నాడు. నీళ్లిచ్చారు, తాగాను. ఎంతకాలం నుంచి ఈ పెట్టెలు చేస్తున్నారని ఆయనే అడిగాడు. ఆరేళ్లన్నాను. మంచి వస్తువమ్మా, అది వచ్చాక ధైర్యంగా దిగేవాళ్లం అన్నాడు. అందులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండేది.

కాసేపు కిటికీలోంచి బయటికి చూసి, నెమ్మదిగా, ఒక్కొక్క మాటా పట్టుకుని మాట్లాడాడు.

"ఒకటి అడుగుతానమ్మా. ఆరోజు దీపం చూశానో లేదో నాకు తెలియట్లేదు. మొదట చూశాననే చెప్పాను. అందరూ చూడలేదంటున్నారు. మిషను పెట్టి కొలిచి చెప్పారట. చూడలేదేమో. సెల్సు కూడా నేనే తీశానేమో, బుర్రలో ఉండట్లేదు."

"ఇదిగో, వారం నుంచీ ఇదే వరస," అంది ఆయన భార్య. "టార్చీ లేని ఇంట్లో టార్చి వెతుకుతున్నాడు. నిన్న ట్రంకుపెట్టె కింద, మొన్న బియ్యం డబ్బాలో చెయ్యిపెట్టి."

ఆమె విసుక్కోబోయి ఆగిపోయింది. ఆయన తప్పు చేసినవాడిలా చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

"చూశారండీ," అన్నాను. "చూసే దిగారు. సెల్సు మీరు తియ్యలేదు."

"నీకెలా తెలుసు?" అంది ఆమె. అంతకుముందు నన్ను మీరు అనేది.

చెప్పాను. బోర్లా పెట్టడం, మైక్రో, మిల్లీ, బజరు. ఎంత అర్థమైందో తెలియదు. దీపానికి చాలిన సెల్సు బజరుకి చాలలేదని అన్నప్పుడు మాత్రం ఆయన తలెత్తాడు. నేను కొలిచింది తప్పని రెండుసార్లు చెప్పాను.

ఆమె ఏడుస్తుందో తిడుతుందో అనుకున్నాను. కొంగుతో మొహం తుడుచుకుని గోడకి ఆనుకుంది.

"ఎప్పుడు తెలిసింది?"

"పదిహేడున."

"ఇవాళ ఇరవై మూడు," అంది.

ఆయన ఆమెని వారించబోయాడు, పోనీలే, ఇంటికొచ్చి చెప్పింది గదా అని. ఆ మాట వినలేక లేచాను. గుమ్మం దాకా ఆమె వచ్చింది. ఈ మాట మా ఇంట్లో చెబితే సరిపోదు అంది. చెప్పులు వేసుకుంటుంటే ఇంకోటి అడిగింది, ఇలాంటి పెట్టెలు ఇంకా ఎవరి దగ్గరున్నాయని.

ఎనభై అయిదు అన్నాను.

ఏప్రిల్ 24

ఉదయం అన్నయ్య రాకముందే ఉత్తరం రాశాను. నాలుగు వాక్యాలు. పరీక్షలో తప్పు నాది. పెట్టె సెల్సుని అయిదు నెలల్లోనే తినేస్తుంది. ఆయన సెల్సు మార్చలేదు. దీపం వెలుగుతున్నా బజరు మోగకపోవచ్చు. ఈసారి 'ఉండవచ్చు' అని ఎక్కడా రాయలేదు.

పాల కేంద్రానికి తీసుకెళ్లి మేనేజరు చేతికే ఇచ్చాను. రెండుసార్లు చదివాడు. దీని మీద మీ అన్నగారి సంతకం లేదే అన్నాడు. కొలిచింది నేనండీ అన్నాను. పైవాళ్లకి పంపుతానన్నాడు. నా ఎదురుగానే ఒక నకలు తీయించి, ఉత్తరం అందినట్టు దాని మీద సంతకం పెట్టించుకున్నాను. నిదానం గారిని మళ్లీ తీసుకుంటారా అంటే అది నా చేతుల్లో లేదన్నాడు. ఆ నకలు ఆయన భార్యకి ఇవ్వాలి.

తిరిగి వచ్చేసరికి అన్నయ్యకి కబురు అందిపోయింది. మేనేజరే ఫోను చేశాడట. గుమ్మంలో నిలబడి ఉన్నాడు. వదిన లోపల ఉంది, ఐరన్ వేసి లేదు.

"నన్ను ఒక్క మాట అడగాలనిపించలేదా?"

"అడిగితే ఆగమంటావు, అన్నయ్యా."

ఇంకేమైనా అంటాడని నిలబడ్డాను. దారి ఇచ్చి బయటికి వెళ్లిపోయాడు. బండి తీసుకోలేదు, నడిచే వెళ్లాడు. ముప్ఫై ఎనిమిదేళ్లలో నాకు అడ్డం రాని మనిషి. ఇవాళ కూడా అడ్డం రాలేదు. అదే కష్టంగా ఉంది.

అమ్మకాల పుస్తకం తీసి కొత్త పెట్టెలు కొన్నవాళ్లని తేదీల వరసలో రాసుకున్నాను. అందరికంటే పాతవాళ్లు ముందు. పాల కేంద్రం తర్వాత మొదటివాడు బావుల్లో పూడిక తీయించే మేస్త్రి. నవంబరు రెండోవారంలో రెండు పెట్టెలు తీసుకున్నాడు.

పదకొండూ నలభైకి ఫోను చేశాను. ఎత్తాడు. చుట్టూ మోటారు చప్పుడు. పెట్టెలు ఎక్కడున్నాయని అడిగాను. ఒకటి ఇంట్లో ఉంది, ఒకటి లోపల దిగినవాడి నడుముకి ఉంది అన్నాడు. దీపం చూసే దింపాను, నువ్వు చెప్పక్కర్లేదు అన్నాడు.

మనిషిని పైకి లాగండి అన్నాను. వినపడలేదన్నాడు. మోటారు ఆపమని, మళ్లీ చెప్పాను. ఎవరు నువ్వు అన్నాడు. పెట్టెలు కొలిచేదాన్ని అన్నాను. ముందు లాగండి, తర్వాత అడగండి.

ఫోను కింద పెట్టినట్టున్నాడు. కేకలు వినిపించాయి, తాడు, గిలక. ఎంతసేపో తెలియదు. గడియారం నా ఎదురుగానే ఉంది, నేను చూడలేదు. వదిన వచ్చి నా పక్కన నిలబడింది.

మనిషి పైకి వచ్చాడు. బాగానే ఉన్నాడు. బాగానే ఉన్నాడు గనకనే మేస్త్రికి ఒళ్లు మండింది. సగం బావి మిగిలిందనీ, మళ్లీ దించడానికి ఇంకో గంట అనీ, మా వ్యాపారాలకి తన పనివాళ్లు దొరికారా అనీ తిట్టాడు. పైకొచ్చినవాడు కూడా వెనక నుంచి ఏదో కలిపాడు. అంతా విన్నాను. ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు, మీ దగ్గర సిగరెట్ లైటరు ఉందా అని అడిగాను.

వెలిగించకుండా గ్యాస్ మాత్రం వదలమని, పెట్టె ముక్కు దగ్గర పెట్టమని చెప్పాను. ఇదేం తమాషా అన్నాడు, పెట్టాడు. ఫోను పెట్టెకి దగ్గరగా పట్టుకోమన్నాను.

కీచుమని ఒక్క ముక్క వినిపించింది. తర్వాత ఏమీ లేదు.

అటువైపు తిట్లు ఆగిపోయాయి. మేస్త్రి, "దీపం వెలుగుతూనే ఉంది గదమ్మా ఇందాకటిదాకా," అన్నాడు. వెలుగుతుందండీ అన్నాను.

మేం మళ్లీ చెప్పేదాకా ఇంట్లో ఉన్న పెట్టెతో కూడా ఎవరినీ దించవద్దని చెప్పి, అతని పేరు పక్కన గీత పెట్టాను. రెండో నంబరు బయోగ్యాస్ తొట్టెలు కడిగే వాళ్లది. మూడుసార్లు మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాను. వదిన తన ఫోను తీసి మూడో నంబరు చదవమంది.

రెండోవాళ్లు ఇంకా ఎత్తలేదు. మోగుతోంది.